హలోఅక్క ‘సిద్ధం’ అనలేదు

ఆఫీసులో ఉన్నంతసేపు ఆమె మంచినీళ్లు తాగడం మానేసి చాలా ఏళ్లయింది. డాక్టరు చెప్పిన పథ్యమేమీ కాదు. నీళ్లు తాగితే మధ్యలో లేవాలి. లేస్తే తెర మీద ఆమె పేరు ఎర్రబడుతుంది. పేరు ఎర్రబడితే ఆ పూట గైర్హాజరు కిందే లెక్క.

ఆమె పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో, ఫోన్లు ఎత్తే గదిలో. కిటికీ లేని ఆ గదిలో వరసగా బల్లలు, బల్లకో తెర, తలకో హెడ్‌ఫోను. “లిఫ్టు ఆగిపోయిందండీ, లోపల మా ఆవిడుంది” అని ఊపిరాడనట్టు మాట్లాడేవాళ్లు, “మీ లిఫ్టు తగలెయ్యా” అని మొదలుపెట్టేవాళ్లు, ఏమీ మాట్లాడకుండా ఏడ్చేవాళ్లు, అందరికీ ముందు వినిపించేది ఆమె గొంతే. పొద్దస్తమానం హలో హలో అంటుంది కాబట్టి షెడ్డులో మెకానిక్కులు ఆమెకు హలోఅక్క అని పేరు పెట్టారు. ఆ పేరే ఖాయమైపోయింది. జీతాల గుమస్తా కూడా ఒకసారి జీతం చీటీ మీద అదే పేరు రాసి నాలిక్కరుచుకున్నాడు.

ఒకప్పుడు ఆ గదిలో ఎవరికైనా లేవాల్సి వస్తే, “వదినా, కాస్త నా ఫోను చూడు” అని పక్కామెకి చెప్పి వెళ్లొచ్చేవాళ్లు. తర్వాత కంపెనీ ఒక కంప్యూటరు ప్రోగ్రాం కొనుక్కొచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు వచ్చి యజమాని పెద్దసారు గదిలో చల్లగా కూర్చుని, టీ తాగి, మాట్లాడుకుని వెళ్లిపోయారు. ఫోన్లు ఎత్తే గదిలోకి తొంగి కూడా చూడలేదు. ఆ ప్రోగ్రాం ఒక ఫోను పెట్టీపెట్టగానే ఇంకో ఫోను తెచ్చి చెవిలో పోస్తుంది. కుర్చీ ఖాళీ అయితే మనిషి రాలేదని రాసుకుంటుంది. ఏ పనికి ఏ మెకానిక్కు వెళ్లాడో కూడా అదే రాసుకుంటుంది. మనిషన్నాక లేచి వెళ్లే పని కూడా ఉంటుందని దానికెవరూ చెప్పలేదు.

హలోఅక్క ఒకసారి వెళ్లి పెద్దసారుకి చెప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, “సిస్టమే అలా ఉందమ్మా” అన్నారు. వానో ఎండో గురించి చెప్పినట్టు అన్నారు. ఆమె తిరిగొచ్చి హెడ్‌ఫోను పెట్టుకుంది. నీళ్లసీసా తేవడం మానేసింది. మూత్రంలో మంటతో ఒళ్లు కాలిపోయి మంచాన పడ్డప్పుడు, “నీళ్లు తాగవా?” అని డాక్టరమ్మ కేకలేస్తే నవ్వేసి ఊరుకుంది. ఆఫీసులో మామూలు జ్వరమనే చెప్పింది.

ఇంట్లో అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేసి రిటైరైన ఆవిడ నోరు ఇప్పటికీ రిటైరవలేదు. “నీళ్లు తాగడానికి కూడా లీవు లెటరు పెట్టాలా ఏమే? ఆ కంప్యూటరుకి ఎలాగూ దాహం లేదు. దాన్ని కొన్నవాడికి కూడా లేదా?” అని కోడల్ని తిడుతున్నట్టే కంపెనీని తిట్టేది.

అలా ఏళ్లు గడిచాయి. పెద్దసారు ఇంటిపట్టున ఉండిపోయి, ఆయన కొడుకు చిన్నసారు కుర్చీలోకి వచ్చాడు. ఫోన్ల గదిలో అందరికంటే పాత మనిషి కాబట్టి హలోఅక్క ఆ గదికి పెద్దదిక్కయింది. ఒకరోజు చిన్నసారు ఆమెను పిలిచి, బల్లమీదుగా ఒక కాగితాల కట్ట జరిపాడు.

“ఏఐ రెడీనెస్ అసెస్‌మెంటమ్మా ఇది.”

“ఇంటికెళ్లి మా అత్తకి చెప్పాలి సార్. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పండి.”

చిన్నసారు నవ్వాడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. “మన కంపెనీ ఏఐ తెచ్చుకోవడానికి సిద్ధంగా ఉందా లేదా అని మనల్ని మనమే చూసుకోవడం. ప్రశ్నలుంటాయి, పక్కన గళ్లుంటాయి. టిక్కులు పెట్టి కింద సంతకం పెట్టండి.”

“ఆ ఏఐ ఏం చేస్తుంది సార్?”

“ఫోనొచ్చిన వెంటనే ఏ మెకానిక్కుని పంపాలో అదే తేలుస్తుంది. మన పాత రికార్డులన్నీ చదువుకుని, ఎవరు ఏ పని తొందరగా చేస్తున్నారో నేర్చుకుంటుంది. ఇప్పుడు మీరంతా తల పట్టుకుని ఆలోచిస్తున్నారు చూడండి, అదిక ఉండదు.”

“మరి ఈ ప్రశ్నలు ఎవర్నెవర్ని అడగమంటారు?”

“ఎవర్నీ అక్కర్లేదమ్మా, మీకన్నీ తెలుసుగా. ఈ నెలాఖరుకి మొదలవుతుందని కస్టమర్లకి నేను చెప్పేశాను కూడా.”

“చెప్పేశాక ఇంక చూసుకోవడం ఎందుకు సార్?”

చిన్నసారు కాగితాలు ఇంకాస్త ముందుకి జరిపాడు. “ఫార్మాలిటీ” అన్నాడు.

సాయంత్రం బస్సులో నిలబడే ఆమె ఆ కాగితాలు చదివింది. చాలా ప్రశ్నలకి టిక్కు పెట్టడం కష్టమేం కాదు. కంప్యూటర్లున్నాయా, ఉన్నాయి. ఇంటర్నెట్టుందా, ఉంది. కాని రెండు ప్రశ్నల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ‘మీ రికార్డులు జరిగిన పనిని జరిగినట్టు చూపిస్తున్నాయా?’ అని ఒకటి. ‘దీనివల్ల పని మారబోయేవారిని అడిగారా?’ అని రెండోది. దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విప్పకుండానే అత్తగారికి సంగతంతా చెప్పింది.

అత్తగారు కాలిగోళ్లు కత్తిరించుకుంటున్నదల్లా తలెత్తి చూసింది. “ఆ ప్రోగ్రాం వచ్చినప్పుడు ‘నన్నెవరూ అడగలేదు’ అని నెలల తరబడి నా ప్రాణం తీశావు. ఇప్పుడు అడిగే కుర్చీలో నిన్నే కూర్చోబెట్టారు. నువ్వూ అడక్కుండా గీత గీసిపారేస్తే, ఆ టీ తాగి పోయినవాళ్లకీ నీకూ తేడా ఏముందే?”

“సిద్ధం కాదని తేలితే చిన్నసారుకి కోపం వస్తుంది అత్తా.”

“రానీ. నీకొచ్చిన జ్వరం కంటే పెద్దదేం కాదుగా.”

మర్నాడు డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోకుండా షెడ్డుకి వెళ్లింది. ఆఫీసు వెనకాల రేకుల షెడ్డు అది. గోడకి ఉక్కుతాళ్ల చుట్టలు, మూల పాత మోటార్లు, మధ్యలో నూనె మరకల బెంచీ. ఆ బెంచీ మీద టీ గ్లాసులతో మెకానిక్కులు కూర్చున్నారు. హలోఅక్క గుమ్మంలో కనబడేసరికి స్ప్రింగు అని అందరూ పిలిచే మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రయినా నడుస్తుంటే నేలమీంచి ఎగిరెగిరి పడుతున్నట్టుంటాడు. అందుకే ఆ పేరు.

“అక్కా, నువ్వు ఫోన్లోనే హలో అనాలి. ఇలా ఎదురుగా వచ్చి అంటే గుండె ఆగిపోతుంది.”

“ఆగితే కంప్లయింటు రాయించు. మెకానిక్కుని పంపిస్తాను.”

అందరూ నవ్వారు. ఆమె సంగతి చెప్పగానే నవ్వు కాస్త తగ్గింది. గ్రీజుబావ గ్లాసు కింద పెట్టాడు. బండమనిషి, చేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. “సూటిగా అడుగుతున్నా హలోఅక్కా. అదొస్తే మమ్మల్ని పీకేస్తారా?”

“తెలీదు బావా. తెలీకుండా సంతకం పెట్టకూడదనే వచ్చాను.”

“దానికి మెట్లెక్కడం వచ్చా?” అని స్ప్రింగు.

“రాదు.”

“బతికాం! ఇంకో గ్లాసు టీ పోయండర్రా.”

మళ్లీ నవ్వులు. బెంచీ చివర కూర్చున్న గురువుగారు మాత్రం నవ్వలేదు. షెడ్డులో సగంమందికి పని నేర్పింది ఆయనే. జుట్టంతా తెల్లబడింది. ఖాళీ గ్లాసునే పనిగట్టుకుని తుడుస్తున్నాడు.

హలోఅక్క మాటల్లో మాటగా, “రికార్డులు తిరగేశాను. ఎత్తు బిల్డింగుల్లో అందరికంటే తొందరగా పని ముగించేది ఎవరనుకున్నారు? గురువుగారే! కుర్రాళ్లకి సిగ్గుండాలి” అంది.

మెచ్చుకున్నాననే అనుకుంది. స్ప్రింగుకి టీ పొలమారింది. గ్రీజుబావ గోడకున్న తాళ్లను కొత్తగా చూస్తున్నట్టు చూడసాగాడు. ఫోనులో మాట్లాడి మాట్లాడి, జనం ఎక్కడ మాట మింగేస్తారో కనిపెట్టడం ఆమెకు అలవాటే.

“గురువుగారూ, రేపు నాకు సెలవు. మీతోపాటు పనికి వస్తాను.”

“ఎందుకమ్మా, బట్టలన్నీ నూనె మరకలవుతాయి.”

“ఉతికే అత్త ఉంది లెండి.”

మర్నాడు పిలుపు వచ్చింది ఒక ఎత్తయిన పాత భవనం నుంచి. లిఫ్టు మధ్యలో ఆగింది, అదృష్టం కొద్దీ లోపలెవరూ లేరు. గురువుగారు స్కూటరు ఆపి లోపలికి నడిచాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడని అప్పుడు గమనించింది ఆమె. ఆయన పైకి వెళ్లలేదు. మెట్ల వరసలో అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చుని, సంచి పక్కన పెట్టుకుని, వీధివైపు చూస్తున్నాడు.

అంతలో రొప్పుతూ స్ప్రింగు వచ్చాడు. హలోఅక్కను చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. “చచ్చాం” అన్నాడు మెల్లగా.

“దాచి లాభం లేదురా. నువ్వెక్కు” అన్నాడు గురువుగారు.

స్ప్రింగు మెట్లమీదుగా మాయమయ్యాడు. లిఫ్టు మోటారు ఉండేది డాబా మీద గదిలో. కాసేపటికి గురువుగారి ఫోను మోగింది. ఆయన దాన్ని చెవికి గట్టిగా అదుముకుని కళ్లు మూసుకున్నాడు.

“ఫోను మోటారు దగ్గర కాదురా, స్విచ్చుల పెట్టె దగ్గర పెట్టు. ఆఁ. ఇప్పుడు నొక్కు... మళ్లీ నొక్కు... రెండో టక్కు రావట్లేదు, విన్నావా? మోటారుకేం కాలేదు. ఆఖర్న ఆగిన అంతస్తులో తలుపు లాకు చూడు. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టి ఉండదు. తొందరపడకు, ముందు కరెంటు తీసెయ్యి.”

ఆమె టీ కొట్టు ఎక్కడుందా అని చూసేలోపే లిఫ్టు కిందికి దిగి, తలుపు తెరుచుకుని, అందులోంచి స్ప్రింగు బయటికొచ్చాడు.

“అదక్కా సంగతి. ఈయన వింటారు, నేనెక్కుతాను. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు. నా పేరు మీద వచ్చిన పనులేమైనా మిగిలిపోతే గ్రీజుబావ చూసుకుంటాడు.”

“మరి రికార్డులో గురువుగారి పేరొక్కటే ఉందేం?”

“ఆ దిక్కుమాలిన ప్రోగ్రాం ఒక పనికి ఒక్క పేరే తీసుకుంటుంది కదా. రెండు పేర్లు కొడితే తప్పు తప్పు అని అరుస్తుంది.”

గురువుగారు మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు, “లిఫ్టు పాడైతేనే కదమ్మా మమ్మల్ని పిలిచేది. పాడైన లిఫ్టులో పైకి పోలేం కదా. ఊళ్లో జనాన్నంతా లిఫ్టెక్కించి, నేను మాత్రం మెట్లెక్కుతూ బతికాను. ఎక్కినన్నాళ్లు ఎక్కాను. ఇప్పుడివి మొరాయించాయి.” ఆమె మొహంలోకి చూడకుండా, “ఇది రాయకమ్మా. మెట్లెక్కలేని లిఫ్టు మెకానిక్కుని ఏ కంపెనీ పెట్టుకుంటుంది? ఇంట్లో కూర్చుంటే నాకు గోడగడియారం చప్పుడు తప్ప వినడానికి ఏముంటుంది?” అన్నాడు.

హలోఅక్క కూడా ఆ మెట్టు మీదే కూర్చుంది. రాస్తే గురువుగారి పని పోతుంది. రాయకపోతే జరిగేది ఇంకా ఘోరం. పాత రికార్డులు చదివిన యంత్రం ఎత్తు బిల్డింగులకి ఈయన్నే పంపుతుంది. పైగా కొత్త ఏర్పాటులో పంపిన మనిషి ఫోను మోటారు గది దాకా చేరితేనే పని మొదలైనట్టు లెక్క అని చిన్నసారు గొప్పగా చెప్పాడు. ఒకరి బదులు ఒకరు వెళ్లే వీలుండదు. రేపు లిఫ్టులో ఎవరో ఇరుక్కుని చెమటలు కక్కుతుంటే, ఈ పెద్దాయన ఒక్కడే ఈ మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తుంటాడు. ఇరుక్కున్నవాళ్ల గొంతు వినాల్సింది తనే.

“మీరు సరేననందే రాయను గురువుగారూ. కాని సిద్ధమని సంతకం కూడా పెట్టను. అది వస్తే ఏం చేస్తుందో మీరే ఒకసారి చూడండి. ఆ తర్వాత మీరేమంటే అది.”

చిన్నసారు చూసుకోమని ఆమెకు పాత రికార్డులు చదివిన ఆ ఏఐ నమూనా ఒకటి ఇచ్చి ఉన్నాడు. దాన్ని ఒక లాప్‌టాప్‌లో పెట్టుకుని, ఆ రోజే మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డుకి తీసుకెళ్లింది. కిందటి నెలలో వచ్చిన పిలుపులే మళ్లీ ఒక్కొక్కటీ దానికి చెప్పింది. డబ్బాలు ముందు పెట్టుకుని అందరూ చుట్టూ మూగారు.

మొదటి పిలుపుకి తెర మీద గురువుగారి పేరు వచ్చింది. రెండోదానికీ ఆయనే. మూడోదానికీ ఆయనే.

“గురువుగారూ, సినిమా హీరోకి కూడా ఇన్ని కాల్షీట్లుండవండీ!” అన్నాడొకడు.

“ఒకే పూట ఊరికి ఆ చివరా ఈ చివరా! మీకు రెక్కలెప్పుడొచ్చాయి స్వామీ?”

గురువుగారు కూడా ఆపుకోలేక నవ్వాడు. స్ప్రింగు మాత్రం తెరకు దగ్గరగా వంగి వెతుక్కుంటున్నాడు. “అక్కా, నా పేరేది?”

ఆమె వెతికింది. పొట్టి బిల్డింగుల్లో చిన్నాచితకా పనుల దగ్గర వచ్చింది. ఎత్తు బిల్డింగుల్లో ఎక్కడా లేదు.

“అంటే నేనెక్కిన మెట్లన్నీ ఏమైపోయాయి?” అన్నాడు స్ప్రింగు. ఎప్పుడూ ఎగిరిపడే మనిషి కదలకుండా నిలబడ్డాడు. “ఎండాకాలం డాబా మీద ఆ రేకుగదిలో ఉడికిపోయింది నేను కదా?”

గురువుగారిని కాపాడాలని చేసిన పనే ఆయన మెడకి చుట్టుకుంటోందని అందరికీ ఒకేసారి తట్టింది. గ్రీజుబావ డబ్బా మూత పెట్టేశాడు. “ఇదొచ్చిన రోజు నుంచీ ఆయన ఒక్కడే ఎక్కాలన్నమాట. మనం చేతులు కట్టుకుని చూడాలన్నమాట.”

గురువుగారు బెంచీ మీద చెయ్యి ఆన్చి లేచాడు. “రాయమ్మా. రాయడమెందుకు, నేనే వచ్చి చెప్తాను.”

“మీరొక్కరే వెళ్తే మీ ఒక్కరి తప్పవుతుంది. అందరం వెళ్దాం” అన్నాడు గ్రీజుబావ.

“నేను అరుస్తానేమో అక్కా, ముందే చెప్తున్నా” అన్నాడు స్ప్రింగు.

“అరవకు. ఆ గదిలో అద్దాలెక్కువ” అంది హలోఅక్క.

చిన్నసారు గదిలో తివాచీ మీద అన్ని నూనె చెప్పులు ఎప్పుడూ నిలబడలేదు. అతను వాళ్లనీ, తివాచీనీ, ఆమె చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

“ఏమ్మా, సంతకం అయిందా?”

“లేదు సార్. మనం సిద్ధంగా లేం.”

ఆమె మొదట్నుంచీ చెప్పింది. నమూనా పెట్టి చూపించింది. వరసగా గురువుగారి పేరు వస్తుంటే చిన్నసారు కనుబొమలు దగ్గరపడ్డాయి. గురువుగారు ముందుకొచ్చి, “నేను మెట్లెక్కలేను సార్. ఎక్కేది వీళ్లు. నేను కింద కూర్చుని ఏం పాడైందో చెప్తాను” అన్నాడు.

“అంటే ఇన్నాళ్లూ దొంగ రికార్డులా? ఇది మోసం కాదా?”

స్ప్రింగు నోరు తెరవబోతే హలోఅక్క చెయ్యి అడ్డం పెట్టింది. “పేరు తప్పుగా రాసినమాట నిజమే సార్. అది వాళ్ల తప్పే, కాదనను. కాని ఏ లిఫ్టైనా బాగవకుండా ఉండిపోయిందా? ఇద్దరు చేసిన పనికి రెండు పేర్లు రాసుకోనివ్వని ప్రోగ్రాం మనం కొన్నదే కదా. కొనేముందు షెడ్డులో ఒక్కమాట అడిగుంటే రెండో పేరుకి చోటుండేది. ఫోన్ల గదిలో అడిగుంటే...” అని ఆగింది. ఏళ్లుగా మింగిన మాట అది. ఈసారి మింగలేదు. “అడిగుంటే మాకు లేచి వెళ్లే బటనుండేది. అది లేక ఆ గదిలో ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేశాం సార్. నేను జబ్బుపడ్డాను. జ్వరమని అబద్ధం చెప్పాను. ఆ రోజుకి మీ రికార్డులో మామూలు జ్వరమనే ఉంటుంది.”

చిన్నసారు మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలియలేదు. “కస్టమర్లకి మాటిచ్చానమ్మా. మీరు పెట్టకపోతే సంతకం నేనే పెడతాను.”

“పెట్టండి సార్, మీ కంపెనీ. కాని మొదలైన రోజు ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే ఫోనెత్తేది నేను. మెకానిక్కుని పంపారా అని అడుగుతారు. పంపాం, కింద మెట్టు దగ్గర నిలబడున్నాడు అని చెప్తాను. ఎందుకు పైకి రావట్లేదంటే, అన్నీ తెలిసే పంపామని చెప్తాను. అబద్ధం చెప్పడం నావల్ల కాదు, ఇంకోసారి కాదు.”

చిన్నసారు కుర్చీలో వెనక్కి వాలాడు. తెర మీద గురువుగారి పేరు ఇంకా వరసగా మెరుస్తూనే ఉంది. అతను దానివైపు ఒకసారి, గురువుగారి మోకాళ్లవైపు ఒకసారి చూశాడు.

“సరే, ఏం కావాలో చెప్పండి” అన్నాడు చివరికి, మర్యాదగా మాత్రం కాదు.

కావాల్సింది ఆమె అప్పటికే అందరితో మాట్లాడి పెట్టుకుంది. పనికి రెండు పేర్లు. కొన్ని నెలలపాటు జరిగింది జరిగినట్టు రాసుకున్నాకే యంత్రానికి చదవడానికివ్వాలి. అది తప్పు మనిషిని పంపితే ఫోన్ల గదిలో ఉన్నవాళ్లు ఆపగలగాలి. గురువుగారికి ఫోన్ల గదిలో ఒక కుర్చీ. అన్నిటికంటే ముందు ఆ బటను.

అంతా సుఖాంతమైందని చెబితే మళ్లీ దొంగ రికార్డు రాసినట్టే. చిన్నసారు చాలారోజులు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు. నెలాఖరు కస్టమర్ల సమావేశంలో, లోపాన్ని సమయానికి తనే కనిపెట్టి వాయిదా వేశానని చెప్పుకున్నాడు. అది విని స్ప్రింగు అద్దాల గదికి వెళ్లి అరుస్తానన్నాడు. “పోనీరా, తనే కనిపెట్టాననుకునేవాడు మళ్లీ మర్చిపోడు” అని హలోఅక్క ఆపింది. లేచి వెళ్లే బటను కోసం మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. అది వచ్చిన రోజు గదిలో ఆడవాళ్లు దానికి నీళ్లబటనని పేరు పెట్టారు.

ఏఐ కూడా వచ్చింది, తర్వాత, ఆలస్యంగా. ఇప్పుడది ఎత్తు బిల్డింగు పిలుపొస్తే ఎక్కేవాళ్లను పంపి, వినేవారికి ఫోను కలుపుతుంది. స్ప్రింగు పేరు దానికి బాగా తెలుసు. అప్పుడప్పుడు తిక్కపని చేస్తూనే ఉంటుంది. మొన్న గ్రీజుబావని సెలవులో ఉండగా పంపబోతే హలోఅక్క ఆపేసింది. గురువుగారు ఆమె పక్క బల్ల దగ్గర హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన నిద్రపోతున్నాడనుకుంటారు. అత్తగారు ఒక పెద్ద నీళ్లసీసా కొనిచ్చింది. సాయంత్రం అది ఖాళీగా ఇంటికి రాకపోతే కోడలికి తలుపు తీయనంటోంది.

ఇది చదువుతున్న మీకు ఒక మాట. ‘మీరు సిద్ధమేనా’ అని అడిగే అలాంటి కాగితం మీ ఆఫీసుకీ, మీ ఆసుపత్రికీ, మీ గోదాముకీ రాబోతోంది, వచ్చేసి ఉండొచ్చు కూడా. అది మీ చేతికొస్తే గళ్లు నింపేముందు ఒక్కపూట కుర్చీ వదిలి పని జరిగేచోటికి వెళ్లండి. రికార్డులో పేరు లేనివాళ్లు ఎవరు ఏ మెట్లు ఎక్కుతున్నారో అడగండి. మీరు పేరు లేనివాళ్లలో ఒకరైతే, మీ పక్కవాళ్లను పోగుచేసుకుని, ఆ కాగితం మాకూ చూపించండని అడగండి, ఒంటరిగా మాత్రం వెళ్లకండి. యజమానులైతే, ముందు మీ ఫోన్ల గదికి వెళ్లి బల్లలమీద నీళ్లసీసాలున్నాయో లేవో చూడండి. లేకపోతే ఎందుకు లేవో అక్కడే నిలబడి అడగండి. రేపే వెళ్లండి.